పాతపట్నం నుంచి పరదేశం దాకా.. ఆనర్స్ డిగ్రీ స్టూడెంట్స్‌కు ఉన్న దారులేంటి? ఏ ఏడాది ఏం చేయాలి? ఫుల్ డీటెయిల్స్

డిగ్రీలో చేరాం.. సెమిస్టర్లు రాశాం.. సర్టిఫికెట్ తీసుకున్నాం.. ఇప్పుడేంటి? పాతపట్నం, మెళియాపుట్టి, హిరమండలం, సారవకోట వైపు ఊళ్లలో చాలా మంది స్టూడెంట్స్‌కు ఈ ప్రశ్న ఫైనలియర్ పరీక్షలయ్యాకే వస్తుంది. కానీ అప్పటికి కొన్ని తలుపులు మూసుకుపోయి ఉంటాయి. ఎందుకంటే ఇంటర్న్‌షిప్‌లు, రీసెర్చ్ ఫెలోషిప్‌లు, విదేశీ స్కాలర్‌షిప్‌లు.. వీటన్నింటికీ ప్రిపరేషన్ ఫస్ట్ ఇయర్ నుంచే మొదలవ్వాలి.

ఇంకో విషయం కూడా ఉంది. ఈ అవకాశాలు ఐఐటీ పిల్లలకో, హైదరాబాద్ కాలేజీల వాళ్లకో మాత్రమే అనుకోవడం పొరపాటు. కొన్ని స్కాలర్‌షిప్‌లలో మన కొండ ప్రాంతాల పిల్లల కోసం విడిగా సీట్లే ఉన్నాయి. అప్లై చేసేవాళ్లకు సమాచారం అందడమే సమస్య. అందుకే మొత్తం వివరాలు ఒకేచోట ఇస్తున్నాం. సేవ్ చేసి పెట్టుకోండి.

అసలు ఆనర్స్ డిగ్రీ అంటే ఏంటి?

జాతీయ విద్యా విధానం 2020 వచ్చాక డిగ్రీ లెక్క మారింది. యూజీసీ 2022 డిసెంబర్‌లో కొత్త క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ విడుదల చేసింది. దాని ప్రకారం మూడేళ్లు చదివి 120 క్రెడిట్లు తెచ్చుకుంటే మామూలు డిగ్రీ. నాలుగో ఏడాది కూడా చదివి 160 క్రెడిట్లు పూర్తి చేస్తే ఆనర్స్ డిగ్రీ.

ఇందులోనే ఇంకో మెట్టుంది. అదే ఆనర్స్ విత్ రీసెర్చ్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులు వచ్చినవాళ్లు నాలుగో ఏడాదిలో ఈ దారి ఎంచుకోవచ్చు. ఒక గైడ్ దగ్గర 12 క్రెడిట్ల రీసెర్చ్ ప్రాజెక్ట్ చేయాలి.

నాలుగేళ్లు చదివితే లాభమేంటి? ముఖ్యంగా మూడు.

ఒకటి.. పీజీ రెండేళ్లు కాకుండా ఏడాదిలోనే పూర్తి చేసే వీలుంటుంది. అయితే ఆ కోర్సు ఉన్న యూనివర్సిటీలోనే.

రెండు.. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే నేరుగా పీహెచ్‌డీకి అర్హత. యూజీసీ 2022 పీహెచ్‌డీ రెగ్యులేషన్స్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు కూడా ఇచ్చారు. 2024 నుంచి నాలుగేళ్ల డిగ్రీ వాళ్లు నెట్ పరీక్ష కూడా రాస్తున్నారు.

మూడు.. విదేశీ చదువు. దీని గురించి కింద వివరంగా చూద్దాం.

ఒక జాగ్రత్త. నాలుగో ఏడాది అన్ని కాలేజీల్లోనూ ఉండదు. ల్యాబ్, లైబ్రరీ, గైడ్ చేసే లెక్చరర్లు ఉన్నచోటే నడుస్తుంది. మీ కాలేజీలో ఉందా, లేకపోతే ఏ కాలేజీకి మారొచ్చు అన్నది సెకండ్ ఇయర్‌లోనే కనుక్కోవాలి. శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ కాలేజీల అఫిలియేషన్ చూసేది ఎచ్చెర్లలోని డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ యూనివర్సిటీ. 2008లో ఏర్పాటైంది. రూల్స్ విషయంలో డౌట్ ఉంటే కాలేజీ ఆఫీసులోనూ, యూనివర్సిటీ నోటిఫికేషన్లలోనూ చూసుకోండి.

10 నెలల ఇంటర్న్‌షిప్.. మార్కుల కోసమేనా?

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 బ్యాచ్ నుంచి డిగ్రీ సిలబస్‌లో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. ఇది మూడు ముక్కలుగా ఉంటుంది.

మొదటి ఏడాది అయ్యాక వేసవిలో రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్. స్టూడెంట్స్ దీన్నే సీఎస్‌పీ అంటారు. మొత్తం 180 గంటల పని. రెండో ఏడాది అయ్యాక మరో రెండు నెలల షార్ట్ టర్మ్ ఇంటర్న్‌షిప్. మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ లేదా అప్రెంటిస్‌షిప్. ఆ తర్వాత సిలబస్‌లో మార్పులు వచ్చాయి కాబట్టి మీ బ్యాచ్ రెగ్యులేషన్‌లో ఏముందో ఒకసారి చూసుకోండి.

పేపర్ మీద చూస్తే ఇది చాలా మంచి అవకాశం. పట్నం కాలేజీ స్టూడెంట్ తిరిగి తిరిగి వెతుక్కునే అనుభవం, ఇక్కడ సిలబస్‌లోనే ఉంది. కానీ ఊళ్లలో జరిగేది వేరు. దగ్గర్లో కంపెనీలు ఉండవు. శ్రీకాకుళమో, విశాఖో వెళ్లి ఉండాలంటే రూమ్ అద్దె, మెస్ ఖర్చు. ఆడపిల్లల్ని పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు. చివరికి ఏం జరుగుతుంది? ఆన్‌లైన్‌లో ఎవడికో కొంత డబ్బు కట్టి, సర్టిఫికెట్ తెచ్చుకుని, పాత రిపోర్ట్ ఒకటి కాపీ కొట్టి సబ్మిట్ చేసేస్తారు.

మార్కులైతే వస్తాయి. నష్టం ఎక్కడంటే.. రేపు ఏ ఫెలోషిప్‌కైనా, ఏ విదేశీ యూనివర్సిటీకైనా అప్లై చేస్తే వాళ్లు అడిగేది రెండు విషయాలు. మీరు నిజంగా చేసిన పని ఏంటి? ఆ పని దగ్గరుండి చూసి, మీ గురించి సిఫార్సు లేఖ రాయగలిగే మనిషి ఎవరు? కొన్న సర్టిఫికెట్ ఈ రెండింటికీ జవాబు చెప్పలేదు. చిన్న ఆఫీసులోనైనా సరే, నిజంగా చేసిన రెండు నెలల పని చెప్పగలదు.

గుర్తుపెట్టుకోండి. పని ఇచ్చేవాడు మీకు డబ్బివ్వాలి, కనీసం పని నేర్పాలి. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టు, వారంలో సర్టిఫికెట్ పంపిస్తాం అంటే అది ఇంటర్న్‌షిప్ కాదు.. కాగితం వ్యాపారం.

కంపెనీలు లేవు సరే.. మన చుట్టుపక్కల ఏమున్నాయి?

పాతపట్నం చుట్టూ ఒక్కసారి చూడండి. అడగడమే తరువాయి, నిజమైన పని దొరికే చోట్లు చాలానే ఉన్నాయి.

వ్యవసాయం, బోటనీ, జువాలజీ వాళ్లకు: ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. నైరాలో వ్యవసాయ కాలేజీ, రాగోలులో వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షుల విడిది కేంద్రానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. పక్షుల లెక్కింపు, గూళ్ల పరిశీలన, చుట్టుపక్కల చెరువుల పరిస్థితి.. ఇవన్నీ ప్రాజెక్టులే.

కెమిస్ట్రీ, పబ్లిక్ హెల్త్ వైపు ఆసక్తి ఉన్నవాళ్లకు: ఉద్దానం కిడ్నీ జబ్బుల సమస్య దేశమంతా తెలిసిందే. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి 2023 డిసెంబర్‌లో ప్రారంభమయ్యాయి. ఊళ్లో ఏ బోరు నీళ్లు తాగుతున్నారు, పొలంలో ఎన్ని గంటలు పని చేస్తున్నారు, రోజుకు ఎన్ని నీళ్లు తాగుతున్నారు అని పద్ధతిగా సర్వే చేస్తే సీఎస్‌పీకి అంతకంటే బలమైన టాపిక్ ఇంకేముంటుంది?

కామర్స్, బీబీఏ వాళ్లకు: పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలు. జీడిగింజ కొనుగోలు దగ్గర్నుంచి గ్రేడింగ్, ప్యాకింగ్, అప్పులు, ఎగుమతి దాకా మొత్తం వ్యాపారం ఒక్కచోటే కనిపిస్తుంది. సారవకోట మండలం బుడితిలో ఇత్తడి, కంచు సామాన్ల తయారీ ఉంది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పొందూరు ఖద్దరు సంగతి చెప్పక్కర్లేదు. ఆ కళాకారులకు లెక్కల పుస్తకం, ఆన్‌లైన్ అమ్మకం నేర్పడం మంచి ఇంటర్న్‌షిప్ అవుతుంది.

హిస్టరీ, తెలుగు, సోషల్ సైన్స్ వాళ్లకు: శ్రీముఖలింగం ఆలయాలు, శాలిహుండం బౌద్ధ క్షేత్రం, సరుబుజ్జిలి వైపు దంతవరపుకోట. శాసనాలు, స్థానిక కథలు, ఊరి పేర్ల వెనుక చరిత్ర.. సేకరించేవాళ్లు లేక పోతున్నవే ఎక్కువ.

ఇంకా పాతపట్నానికి ఒక ప్రత్యేకత ఉంది. మహేంద్రతనయ నది దాటితే పర్లాకిమిడి, అంటే ఒడిశా. మన దగ్గర చాలా మంది పిల్లలకు తెలుగుతో పాటు ఒడియా వస్తుంది, కొందరికి సవర కూడా వస్తుంది. సర్వేలు, అనువాదం, ఆరోగ్య కార్యక్రమాలు, భాషా పరిశోధన.. వీటిలో మూడు భాషలు వచ్చిన స్టూడెంట్‌కు ఉండే విలువ వేరు. రెజ్యూమేలో ఆ లైన్ రాయకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఈ గడ్డ మీద ఫీల్డ్ వర్క్ చేసి చూపించిన పెద్దాయన

ఫీల్డ్ వర్క్ అంటే ఏంటో తెలియాలంటే దూరం వెళ్లక్కర్లేదు. గిడుగు రామమూర్తి పంతులు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో టీచర్‌గా పని చేశారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వ్యావహారిక భాషా ఉద్యమం అందరికీ తెలుసు. సవర భాష మీద ఆయన పడ్డ కష్టం మాత్రం తక్కువ మందికి తెలుసు.

అప్పటికి ఆ భాషకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. సవరలతో కలిసి మాట్లాడుతూ, ఒక్కో మాటా రాసుకుంటూ ఆయన ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు. ఏళ్ల తరబడి సాగిన ఆ పని నుంచి వచ్చిన సవర వ్యాకరణాన్ని 1931లో, సవర-ఇంగ్లీష్ నిఘంటువును 1938లో మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది. పెద్ద యూనివర్సిటీ ల్యాబ్ లేదు. పక్క కొండ మీద ఉన్న మనుషులు, ఒక నోట్‌బుక్, ఓపిక.. అంతే. సీఎస్‌పీ చేసే ప్రతి స్టూడెంట్ దగ్గరా ఈ మూడూ ఉన్నాయి.

సైన్స్ స్టూడెంట్స్‌కు వేసవి రీసెర్చ్

బీఎస్సీ ఆనర్స్ చదివేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా, ప్రయాగ్‌రాజ్‌లోని నాసి.. ఈ మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా నిర్వహిస్తాయి. సెలెక్టయితే దేశంలోని పెద్ద ల్యాబుల్లో, యూనివర్సిటీల్లో ఒక సైంటిస్ట్ దగ్గర వేసవిలో రెండు నెలలు పని చేయొచ్చు. స్టైపెండ్ ఇస్తారు. నోటిఫికేషన్ సాధారణంగా ఏడాది చివర్లో వస్తుంది. అంటే వేసవి సెలవులకు ఆరు నెలల ముందే అప్లై చేయాలి. మార్కులతో పాటు ఏం చేయాలనుకుంటున్నారో చెప్పే చిన్న రైటప్, ఒక టీచర్ సిఫార్సు లేఖ అడుగుతారు.

ముంబైలో హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్ నడిపే నియస్ ప్రోగ్రామ్ కూడా ఉంది. డిగ్రీ మొదట్లో ఉన్న బీఎస్సీ స్టూడెంట్స్‌ను రీసెర్చ్ వైపు తీసుకెళ్లడమే దాని ఉద్దేశం.

ఇక ఎన్‌పీటీఈఎల్ కోర్సులు. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఫోన్‌లోనే ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి పరీక్ష రాయాలి. బాగా రాసిన టాపర్లకు ఇంటర్న్‌షిప్ అవకాశం కూడా ఉంటుంది. స్వయం పోర్టల్ ద్వారా చేసిన కోర్సుల క్రెడిట్లను డిగ్రీలో 40 శాతం వరకు కలుపుకోవచ్చని యూజీసీ 2021లో రూల్ తెచ్చింది. కాకపోతే మీ యూనివర్సిటీ ఆమోదించిన కోర్సు అయి ఉండాలి. ముందు అడిగి, తర్వాత చేరండి. ఈ క్రెడిట్లన్నీ దాచుకునే అకౌంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. డిజీలాకర్‌లో ఐడీ తీసుకోవచ్చు.

డిగ్రీ పూర్తయ్యాక పనికొచ్చే రెండు స్కీములు

పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్ గురించి చాలా మందికి ఒక అపోహ ఉంది. కాలేజీలో ఉండగానే అప్లై చేయొచ్చు అనుకుంటారు. 2024 అక్టోబర్‌లో పైలట్‌గా మొదలైనప్పుడు పెట్టిన నిబంధనల ప్రకారం ఇది ఫుల్ టైమ్ చదువులో గానీ, ఫుల్ టైమ్ ఉద్యోగంలో గానీ లేని 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకు. దూరవిద్యలో చదివేవాళ్లు అప్లై చేయొచ్చు. పెద్ద కంపెనీల్లో 12 నెలలు పని. నెలకు 5,000 రూపాయలు, చేరేటప్పుడు ఒకసారి 6,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే అర్హత లేదు. పైలట్ స్కీమ్ కాబట్టి ప్రతి విడతలో రూల్స్ మళ్లీ చదవాలి.

రెండోది నాట్స్, అంటే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం. ఇంజినీరింగ్ వాళ్లకే కాదు.. బీఏ, బీకామ్, బీఎస్సీ పూర్తి చేసినవాళ్లకూ అవకాశం ఉంది. కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. ప్రభుత్వ రంగ సంస్థలు కూడా ఈ పోర్టల్ ద్వారానే అప్రెంటిస్‌లను తీసుకుంటాయి.

విదేశీ చదువు: నాలుగో ఏడాది ఎందుకు కీలకం?

లెక్క సింపుల్. ఇంటర్ వరకు 12 ఏళ్లు. మూడేళ్ల డిగ్రీ కలిపితే 15. అమెరికాలో చాలా యూనివర్సిటీలు మాస్టర్స్‌కు 16 ఏళ్ల చదువు అడుగుతాయి. అందుకే మన బీటెక్ వాళ్లు నేరుగా వెళ్లిపోతుంటే, బీఎస్సీ, బీకామ్ వాళ్లు ఇక్కడ పీజీ చేసి వెళ్లాల్సి వచ్చేది. నాలుగేళ్ల ఆనర్స్‌తో ఆ ఒక్క ఏడాది తేడా తీరిపోతుంది. బ్రిటన్‌లో మాత్రం మూడేళ్ల డిగ్రీతోనూ చాలా చోట్ల మాస్టర్స్ సీటు ఇస్తారు.

ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌దీ ఇదే లెక్క. నాలుగేళ్ల డిగ్రీ ఉండాలి, లేదంటే పీజీ పూర్తి చేసి ఉండాలి. కనీసం 55 శాతం మార్కులు, మూడేళ్ల ఉద్యోగ అనుభవం కావాలి. నాయకత్వం, సమాజ సేవ కూడా చూస్తారు. ఊళ్లో నిజాయితీగా చేసిన సీఎస్‌పీ అప్పుడు చెప్పుకోవడానికి పనికొస్తుంది.

ఎస్టీ, ఎస్సీ స్టూడెంట్స్.. ఇది మిస్ కావద్దు

కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా ఎస్టీ స్టూడెంట్స్‌కు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. విదేశాల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ, పోస్ట్ డాక్టరల్ చదువుల కోసం. దేశం మొత్తానికి 20 సీట్లు. అందులో 17 ఎస్టీలకు, 3 ప్రత్యేకంగా బలహీన గిరిజన సమూహాలకు. ఈ సమూహాలను పీవీటీజీ అంటారు.

ఈ మూడు సీట్ల సంగతి పాతపట్నం ప్రాంతానికి ఎందుకు ముఖ్యం? ఆంధ్రప్రదేశ్ పీవీటీజీ జాబితాలో కొండ సవరలు ఉన్నారు. మన కొండ ఊళ్ల నుంచి డిగ్రీకి వచ్చిన సవర అమ్మాయి, అబ్బాయి దేశవ్యాప్తంగా పోటీ పడేది పెద్ద గుంపుతో కాదు.. ఆ మూడు సీట్ల కోసం. పీవీటీజీ పిల్లల్లో డిగ్రీ దాకా వచ్చేవాళ్లే తక్కువ. అలాంటప్పుడు వచ్చిన ఒక్కరికైనా ఈ స్కీమ్ ఉందని తెలియకపోతే ఆ నష్టం ఎవరిది? లెక్చరర్లు, హాస్టల్ వార్డెన్లు ఈ ఒక్క ముక్కా నోటీస్ బోర్డులో రాసిపెట్టినా చాలు.

ఎస్సీ స్టూడెంట్స్ కోసం కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇదే పేరుతో వేరే స్కీమ్ నడుపుతోంది. మొత్తం 125 సీట్లు. ఎస్సీలకు 115, డీనోటిఫైడ్, సంచార, అర్ధ సంచార జాతులకు 6, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ కళాకారుల పిల్లలకు 4. మాస్టర్స్, పీహెచ్‌డీకి మాత్రమే. ముఖ్యమైన షరతులివి..

- వయసు 35 లోపు
- కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు
- అర్హత డిగ్రీలో 60 శాతం మార్కులు
- క్యూఎస్ ర్యాంకింగ్‌లో టాప్ 500 లోపు యూనివర్సిటీలో సీటు

ట్యూషన్ ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుంది. ఖర్చుల కోసం అమెరికా, ఇతర దేశాల్లో ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటన్‌లో 9,900 పౌండ్లు ఇస్తారు. విమాన చార్జీలు కూడా అందులోనే. అయితే ఒక షరతు ఆర్ట్స్ వాళ్లు గమనించాలి. భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇక్కడి సమాజం మీద చేసే కోర్సులను 2022 నుంచి ఈ స్కీమ్‌లో లేకుండా చేశారు. సబ్జెక్ట్ ఎంచుకునేటప్పుడే ఇది చూసుకోవాలి.

రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్య స్కీములు కూడా ఉంటాయి. గతంలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, ఎన్టీఆర్ విదేశీ విద్యాదరణ, 2022లో జగనన్న విదేశీ విద్యా దీవెన.. ఇలా పేర్లతో పాటు యూనివర్సిటీ ర్యాంకు షరతులూ మారుతూ వచ్చాయి. కాబట్టి పాత వీడియో చూసి అప్లై చేయకండి. ఆ ఏడాది జీవో, సంక్షేమ శాఖ నోటిఫికేషన్ చూసిన తర్వాతే అడుగు వేయండి.

అన్ని వర్గాలకూ ఉన్న దారులు

ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్: యూరప్‌లో రెండు, మూడు దేశాల యూనివర్సిటీల్లో కలిపి చదివే కోర్సు. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. డిగ్రీ ఫైనలియర్‌లో ఉండగానే అప్లై చేయొచ్చు. ఎక్కువ కోర్సుల గడువు అక్టోబర్ నుంచి జనవరి మధ్యలో ఉంటుంది.

చీవెనింగ్: బ్రిటన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్. ఏడాది మాస్టర్స్. 2,800 గంటల పని అనుభవం అడుగుతారు. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి.

జర్మనీ: ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా వరకు ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి దేశాల వాళ్లు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. వీసా కోసం ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. మన డబ్బుల్లో పది లక్షలు దాటుతుంది. 2022 నవంబర్ నుంచి మనవాళ్లకు ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి. దానికి టైం పడుతుంది కాబట్టి ముందే అప్లై చేయాలి.

బ్యాంకు లోన్ తీసుకునేవాళ్లకు ఒక మాట. మోడల్ ఎడ్యుకేషన్ లోన్ స్కీమ్‌లో 4 లక్షల వరకు తాకట్టు అడగరు. మొత్తం పెద్దదైన కొద్దీ హామీ, ఆస్తి పత్రాలు అడుగుతారు. ఇంటి స్థలం, పొలం పెట్టి అప్పు తెచ్చే ముందు కోర్సు అయ్యాక ఆ దేశంలో పని చేయడానికి ఎన్నాళ్లు వీసా ఇస్తారో, ఆ సబ్జెక్టులో ఉద్యోగాలు ఉన్నాయో లేదో చూసుకోండి. కన్సల్టెన్సీ వాళ్లు కమీషన్ వచ్చే యూనివర్సిటీల పేర్లే చెప్పొచ్చు. సీటు, ఫీజు, ర్యాంకు.. మూడూ యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్‌లో మీరే చెక్ చేయండి.

పైసా ఖర్చు లేకుండా ప్రొఫైల్ పెంచుకోవాలంటే

ఎన్‌ఎస్‌ఎస్: 1969 సెప్టెంబర్ 24న మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల స్పెషల్ క్యాంప్. కేవలం చెట్లు నాటి ఫొటో దిగడం కాకుండా ఏదో ఒక పనిని చివరిదాకా నడిపితే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అదే పెద్ద బలం.

ఎన్‌సీసీ: సీ సర్టిఫికెట్‌కు మంచి గ్రేడ్ ఉంటే ఆర్మీలో స్పెషల్ ఎంట్రీ ద్వారా రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు వెళ్లే అవకాశం ఉంది. ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంప్ స్థాయికి చేరిన క్యాడెట్లకు యూత్ ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్ ఉంది. ప్రభుత్వ ఖర్చుతో విదేశీ పర్యటన.

ఇంగ్లీష్: ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌కు వేలు పోయక ముందే రోజూ అరగంట వినడం, ఒక పేజీ రాయడం మొదలుపెట్టండి. తెలుగు మీడియం అయినా మూడేళ్లు ఇలా చేస్తే కోచింగ్ అవసరం సగం తగ్గుతుంది.

కాగితాల దగ్గరే చాలా మంది ఆగిపోతున్నారు

టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకు పాస్‌బుక్‌లో మరోలా. మన దగ్గర ఇది మామూలే. కానీ పాస్‌పోర్ట్, వీసా, స్కాలర్‌షిప్ పోర్టల్.. ఎక్కడా ఇది కుదరదు. ఫస్ట్ ఇయర్‌లోనే అన్నీ టెన్త్ మెమో ప్రకారం సరిచేయించుకోండి. ఇంటిపేరు ఇనీషియల్‌గా కాకుండా పూర్తిగా ఉంటే మంచిది.

కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ ముందే తీసుకోండి. ఆదాయ పత్రం ఏ ఏడాదిది అడుగుతున్నారో చూసుకోండి. పాస్‌పోర్ట్ సెకండ్ ఇయర్‌లోనే అప్లై చేయండి. మన ప్రాంతానికి రీజినల్ పాస్‌పోర్ట్ ఆఫీస్ విశాఖపట్నంలో ఉంది. 36 పేజీల మామూలు పాస్‌పోర్ట్‌కు ఫీజు 1,500 రూపాయలు.

సిఫార్సు లేఖ ఆఖరి రోజు అడగొద్దు. నెల ముందే లెక్చరర్‌ను కలిసి, మీరు చేసిన ప్రాజెక్ట్ రిపోర్ట్, మార్కులు, ఎక్కడికి అప్లై చేస్తున్నారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. అప్పుడే ఆయన రాసే లేఖలో మీ గురించి నిజమైన విషయం ఉంటుంది.

ఏ ఏడాది ఏం చేయాలి? ఒక్క చూపులో

ఫస్ట్ ఇయర్: పేరు, ఆధార్ సరిచేసుకోవడం. క్రెడిట్ బ్యాంక్ ఐడీ. ఎన్‌ఎస్‌ఎస్ లేదా ఎన్‌సీసీలో చేరడం. వేసవిలో సీఎస్‌పీని సొంత ఊళ్లోనే, సొంతంగా చేయడం.

సెకండ్ ఇయర్: పాస్‌పోర్ట్. ఒక ఎన్‌పీటీఈఎల్ లేదా స్వయం కోర్సు. ఏడాది చివర్లో సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ అప్లికేషన్. షార్ట్ టర్మ్ ఇంటర్న్‌షిప్ కోసం జనవరి నుంచే ఆఫీసులకు లెటర్లు. నాలుగో ఏడాది ఏ కాలేజీలో ఉందో కనుక్కోవడం.

థర్డ్ ఇయర్: సెమిస్టర్ ఇంటర్న్‌షిప్. సిఫార్సు రాయగలిగే ఇద్దరి పేర్లు ఖాయం చేసుకోవడం. ఆరు సెమిస్టర్లలో 75 శాతం దాటుతుందో లేదో లెక్క చూసుకోవడం. ఇక్కడే ఆపాలా, నాలుగో ఏడాదికి వెళ్లాలా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడటం.

ఫోర్త్ ఇయర్: రీసెర్చ్ ప్రాజెక్ట్. అక్టోబర్ నుంచి ఎరాస్మస్ లాంటి అప్లికేషన్లు. ఐఈఎల్‌టీఎస్. సీటు వచ్చాక నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పోర్టల్. ఇక్కడే చదవాలనుకుంటే పీజీ ఎంట్రెన్స్‌లు, నెట్, పీహెచ్‌డీ.

ఇందులో అన్నీ అందరికీ కుదరవు. ఇంటి పరిస్థితి వల్ల మూడేళ్లకే ఆపి ఉద్యోగానికి వెళ్లేవాళ్లూ ఉంటారు. వాళ్లకు అప్రెంటిస్‌షిప్ మంచి దారి. కానీ ఎటు వెళ్లినా మొదటి వేసవిలో చేసే ఆ 180 గంటల పని అందరికీ ఒకటే. దాన్ని కొనుక్కోకండి.. చేయండి. ఈ వేసవికి టాపిక్ ఇంకా అనుకోకపోతే ఈ రోజే మీ మెంటార్ లెక్చరర్‌ను అడగండి.